పరీక్ష ముందటి పథ్యం

సేటు పోయారన్న కబురు ఖాసిం భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. ఒక ముసలావిడ చేతికి రబ్బరు గొట్టం కట్టి నరం కోసం వెతుకుతున్నాను.

"దోమ భాయ్, సేటు గుజర్ గయే. తెల్లారంగ చాయ్ అడిగిండంట. పెద్దమ్మ తెచ్చేటాల్లకు అయిపోయింది."

ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకునే విన్నాను. ఆవిడ రక్తం తీసి, దూది అదిమి పట్టుకోమని చెప్పాను. మిగతావాళ్ల రక్తం కూడా తీశాకే బయల్దేరాను. వాళ్లంతా ఏమీ తినకుండా వచ్చి కూర్చున్నారు. పంపించేస్తే రేపు మళ్లీ తినకుండా రావాలి.

ఈ సేటును మీలో చాలామంది ఎరగరు. ఎరగాల్సినంత పెద్ద పేరు కూడా ఆయనకు లేదు. పురానాపూల్ నుంచి లోపలికి పోయే ఒక సందులో పప్పుల హోల్‌సేల్ దుకాణం ఆయనది. తాత పెట్టింది. కింద దుకాణం, వెనక ఇల్లు, పైన రెండు గదులు. తొంభైల మొదట్లో నేను పాలమూరు నుంచి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి ఈ ఊరొచ్చినప్పుడు పై గదుల్లో ఒకటి నాకిచ్చారు. గది చూపిస్తూ అడిగారు.

"ఏం పని చేస్తవ్?"

"రక్తం తీస్తాను సేట్. పరీక్షలకు."

"అంటే దోమవన్నట్టు."

ఆ రోజు నుంచి నేను ఆ సందులో దోమనే. ఆయన భార్య ఒక్కతే బిడ్డా అని పిలిచేది. ఆమెను అందరిలాగే నేనూ పెద్దమ్మ అనేవాడిని. దుకాణంలో మూటలు మోసే ఖాసిం భాయ్ కూడా నా అసలు పేరు ఎప్పుడూ అడగలేదు.

దుకాణంలో తెల్ల దుప్పటి పరిచిన పరుపు గద్దె ఉండేది. చెప్పులు బయట విడిచి, సేటు పొద్దంతా వట్టి కాళ్లతో దాని మీద కూర్చునేవారు. పక్కన గోడకు ఒక బోలు ఇనుప చువ్వ వేలాడేది. పప్పు అమ్మడానికి ఎవరు బస్తా తెచ్చినా ఆయన మూతి విప్పి చూసేవారు కాదు. చువ్వను బస్తా నడుముకు గుచ్చి లాగేవారు. లోపలి గింజలు దాని బోలులోంచి అరచేతిలోకి జారేవి. ఒక గింజ కొరికి, మిగిలినవి వేలితో అటూ ఇటూ జరిపి చూసి, అప్పుడు మాట్లాడేవారు. "మూతికాడ అందరిదీ మంచి పప్పే ఉంటది" అనేవారు. కొందరు పైన మంచి సరుకు పోసి కింద పుచ్చు సరుకు నింపేవారు. అట్లాంటివాళ్లతో లొల్లి పెట్టుకోవడం ఆయనకు ఇష్టం. గొంతు సందు చివరదాకా వినపడేది. పోయేటప్పుడు వాళ్లకు చాయ్ మాత్రం తాగించేవారు.

ఆయనకు షుగరు ఉందని నేను రాకముందే తెలిసింది. బీపీ, బొజ్జ, రక్తంలో కొవ్వు కూడా ఉండేవి. మలుపులో సాయంత్రం పూట క్లినిక్ నడిపే డాక్టరు గారు చూసేవారు. ఆయనది గోదావరి వైపు. సర్కారు ఆసుపత్రి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. "ఇవన్నీ వేరువేరు రోగాలు కావండి, ఒకే ఇంటి మనుషులు" అనేవారు. కొన్ని నెలలకోసారి పరగడుపు రక్తం చూపించమని తారీఖు రాసిచ్చేవారు. తారీఖు ముందే తెలియడంతోనే వచ్చింది చిక్కు.

అది దగ్గర పడగానే సేటు పథ్యం మొదలుపెట్టేవారు. అన్నం బంద్. చాయ్‌లో చక్కెర బంద్. కాకరకాయ రసం, జొన్నరొట్టె, ఆకుకూర. పొద్దున్నే పూల్ దాకా నడక. ఆయన నడుస్తూ కనపడితే చాలు, సందులో వాళ్లు "సేటుకు పరీక్ష వచ్చినట్టుంది" అని నవ్వుకునేవారు. ఆయనా నవ్వి చెయ్యి ఊపేవారు. దాచేదేమీ ఉండేది కాదు. డాక్టరు గారికి తప్ప ఆ సంగతి అందరికీ తెలుసు.

పెద్దమ్మకు జొన్నరొట్టె చెయ్యి తిరగలేదు. పెనం మీద వేసేలోపే చేతిలో విరిగేది. ఒకసారి నన్ను పిలిచింది.

"మీ ఊర్ల గిదే తింటరు కద బిడ్డా. నువ్వే జర చేసి చూపియ్యి."

వేడి నీళ్లతో పిండి తడిపి, కొట్టి, కాల్చి ఇచ్చాను. సేటు పీట మీద కూర్చుని నములుతూ నా వైపు చూశారు.

"గీ రొట్టె దినాం తిన్నోడు ఎట్ల బతుకుతడ్రా?"

"బతికినం సేట్," అన్నాను.

ఆయనకు శిక్షలా అనిపించిన ఆ తిండి మా ఇంట్లో పంట పండిన ఏడే కడుపునిండా దొరికేది. ఆ మాట ఆయనతో అనలేదు.

రిపోర్టు మంచిగానే వచ్చేది. రాకేం చేస్తుంది? కాగితం చేతిలో పడగానే సేటు గద్దె మీద నుంచే కేక పెట్టేవారు.

"పాస్! ఖాసిం, జిలేబీ తేపో. గరం గరం తే."

"మళ్ల మొదలువెట్టిండు," అని లోపలి నుంచి పెద్దమ్మ.

"పాసైన పిలగానికి నోరు తీపి చెయ్యరానె?"

జిలేబీ సందులో ఇంటింటికీ పోయేది. మొదటిది ఆయన నోట్లోకి పోయేది. అక్కడి నుంచి మళ్లీ తారీఖు దగ్గర పడేదాకా అన్నం, నెయ్యి, మిఠాయి, మధ్యాహ్నం నిద్ర. నేను చెప్పకపోలేదు.

"సేట్, ఇది మీ షుగరు కాదు. మీ పథ్యం షుగరు."

"డాక్టర్ పరగడుపు రక్తం అడిగిండు, ఇచ్చిన. నీకేం ఫికర్?"

డాక్టరు గారితో కూడా ఒకసారి అన్నాను. ఆయన అడిగితే సేటు గట్టిగా నవ్వి, "దోమ మాట నమ్ముతరా సార్, కాగితం నమ్ముతరా?" అన్నారు. డాక్టరు గారు కాగితాన్నే నమ్మారు. మందు పెంచలేదు.

నాకు పెళ్లయి, గది ఖాళీ చేసి జహనుమాకు మారాను. ల్యాబ్‌కు పోతూ వస్తూ దుకాణం దగ్గర ఆగడం మాత్రం మానలేదు. రెండు వేల సంవత్సరం దాటాక, ఒక ఎండాకాలం సాయంత్రం అట్లాగే ఆగాను. గుడిమల్కాపూర్ నుంచి వచ్చిన కిరాణా కొట్టతను ఒకడు గద్దె అంచున కూర్చుని బేరం చేస్తున్నాడు. ఉన్నట్టుండి దుప్పటి వైపు చూశాడు.

"ఏంది సేట్, పాన్ గద్దె మీదనే ఉమ్మినరా?"

తెల్ల దుప్పటి మీద ఎర్రటి మరక. సేటు పాన్ తినరు. ఖాసిం భాయ్ వంగి ఆయన కుడి పాదం ఎత్తి పట్టుకున్నాడు. బొటనవేలి కింద, బస్తాలు కుట్టే దబ్బనం ముక్క దిగి ఉంది. ఎప్పుడో విరిగి కింద పడ్డది. పొద్దున గోదాములో తొక్కారో, మధ్యాహ్నం తొక్కారో ఆయనకు తెలియదు.

"అల్లా! నొస్తలేదా సేట్?"

"నొస్తే అరవనా?" అని ఆయన నవ్వారు. నవ్వింది ఆయన ఒక్కరే. ఖాసిం భాయ్ ముక్క లాగేస్తుంటే సేటు వేరేవాళ్ల కాలును చూస్తున్నట్టు చూశారు. పాదాల్లో స్పర్శ పోయిందని మాకు ఆ రోజు తెలిసింది.

పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని మళ్లీ గద్దె మీద కూర్చున్నారు. పుండు మానలేదు. వేలు రంగు మారింది. డాక్టరు గారు పాత రిపోర్టులన్నీ ముందేసుకుని, "షుగరు ఇంత బాగుంటే పుండు ఎందుకు మానదండీ?" అని ఆయనే తల పట్టుకున్నారు. చివరికి ఇంకో పరీక్ష రాశారు. అది అప్పటికి మా ల్యాబ్‌లో చెయ్యడం లేదు. రక్తం నేను తీసి పెద్ద ల్యాబ్‌కు పంపాను. గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎట్లా ఉందో ఆ పరీక్ష చెబుతుంది. నిన్నా మొన్నా పస్తున్నా దాని ఫలితం మారదు. ఆ సంగతి తెలియక సేటు దానికి కూడా యథాప్రకారం పథ్యం చేశారు.

ఫలితం వచ్చిన సాయంత్రం ఆయనను రెక్క పట్టుకుని క్లినిక్‌కు తీసుకుపోయాను. డాక్టరు గారు పాత పరగడుపు రిపోర్టునూ ఈ కొత్త కాగితాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టారు.

"ఈ రెండూ ఒక్క మనిషివేనా సేటు గారూ?"

సేటు చాలాసేపు కాగితాల వైపు చూశారు.

"మూతికాడ మంచి పప్పు వోసి తెచ్చెటోళ్లను మస్తుమందిని చూసిన డాక్టర్ సాబ్. చువ్వ గుచ్చి బైట వెట్టిన. నేను గూడ మీకు గసొంటి మూటనే తెచ్చిన."

మళ్లీ సేటే అడిగారు.

"గని ఒక్కటి చెప్పుండ్రి. తిన్న దినాలు తిన్న, నిజమే. నడుమ నడుమ పథ్యం గూడ చేసిన కద. గదన్నా ఒంటికి పనికొచ్చి ఉండాలె కద?"

"మీ మలుపులో మిర్చి బజ్జీల బండి ఉంది. అతని మూకుట్లో నూనె ఎప్పుడైనా చూశారా?"

"చూడకేంది. వానికి శెనగపిండి నా కాడికెల్లే పోతది. నూనె నల్లగ, చిక్కగ ఉంటది. కాగవెడ్తడు, చల్లారవెడ్తడు, మళ్ల కాగవెడ్తడు. గా బజ్జి నేను ముట్ట."

"మీ ఒంట్లో మీరూ అదే పని చేశారండి."

తర్వాత డాక్టరు గారు చెప్పింది నాకు గుర్తున్నంతవరకు ఇది. తిన్నది ఒంట్లో ఆక్సిజన్‌తో మండాలి, అప్పుడే శక్తి. ఆ మంటలో కొన్ని రవ్వలు లేస్తాయి. వాటిని ఆర్పుకునే ఏర్పాటు ఒంటికే ఉంది. చక్కెర, కొవ్వు మోతాదు దాటితే రవ్వలు ఎక్కువవుతాయి, ఆర్పే బలం చాలదు. దీన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. ఆ రవ్వలు రక్తనాళాల లోపలి పొర మీద, నరాల మీద పడతాయి. ఇన్సులిన్ తయారుచేసే కణాలకు వాటిని తట్టుకునే శక్తి మరీ తక్కువ. అవి దెబ్బతింటే చక్కెర ఇంకా పెరుగుతుంది, రవ్వలు ఇంకా లేస్తాయి. షుగరు, బొజ్జ, గుండె జబ్బు ఒకదాని వెంట ఒకటి రావడానికి ఇది ఒక కారణం. చక్కెర ఎప్పుడూ ఎక్కువగా ఉండటం చెడ్డదే. దాన్ని అమాంతం దించి, మళ్లీ అమాంతం ఎక్కించడం ఇంకా చెడ్డది కావచ్చని కొత్తగా అంటున్నారు.

సేటు అంతా విన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బజ్జీల బండి దగ్గర ఆగి మూకుడు వైపు చూశారు. "ఏం సేట్, కట్టియ్యాల్నా?" అని బండివాడు అడిగాడు. సేటు నా భుజం పట్టుకుని ముందుకు నడిచారు.

బొటనవేలు తీసేశారు. ఆ గాయం కూడా మానకపోతే మోకాలి కింద దాకా తీయాల్సి వస్తుందని ఆసుపత్రిలో చెప్పారు. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సేటు ఏడవలేదు గానీ ఆయనకు ఒకటే పట్టుకుంది.

"పాడె మీద సగం మనిషిని పండవెడ్తరా? ఏమన్న గానీ, నేను రెండు కాళ్లతోనే పోత."

ఇంటికొచ్చిన మర్నాడు నన్ను పిలిపించారు.

"దోమా, ఇగ నుంచి చెప్పి రాకు. తారీఖు గీరీఖు వద్దు. నీకెప్పుడు బుద్ధి పుడ్తె అప్పుడు రా, రక్తం తియ్యి. చువ్వ మూటను అడిగి గుచ్చం కద."

ఆయనను గురించి రాయాలని అనుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ మాటే. జీవితమంతా ఎదుటివాళ్ల మూటలకు గుచ్చిన మనిషి తన చెయ్యి చాపి గుచ్చమన్నారు. నేను అట్లాగే పోయేవాడిని. పండుగ మర్నాడు పోయాను. పెళ్లి భోజనాలు చేసి వచ్చిన రోజు పోయాను. చూడగానే చొక్కా చెయ్యి పైకి మడిచేవారు. చక్కెర కొన్నిసార్లు ఎక్కువే ఉండేది. తిట్టుకుని, "రాయి, ఉన్నదున్నట్టే రాయి," అనేవారు. కాగితం చూసి డాక్టరు గారు మందు మార్చేవారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు.

ఒక రంజాన్ పండుగ పొద్దున పోయేసరికి ఖాసిం భాయ్ పాలు, సేమ్యాల షీర్ ఖుర్మా గిన్నెతో గద్దె ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గిన్నె వెనక్కి తీసుకున్నాడు.

"దోమ వచ్చింది సేట్. తర్వాత తింటరా?"

"తర్వాత ఎందుకు? పండుగకు తెస్తివి. ఒక్క చెంచా ఇయ్యి, వీని ముంగటనే తింట."

ఒక్క చెంచా తిన్నారు. నోట్లో చాలాసేపు ఉంచుకున్నారు. తర్వాత చెయ్యి చాపారు.

ఆ రోజుల్లోనే ఆయన అల్లుడు ఒకరి వెంట ఒకరిని చేర్పించి అమ్మించే ఏదో చైన్ సిస్టంలో చేరి ఒక సీసా తెచ్చాడు. అది తాగితే ఒంట్లో ఆక్సీకరణ మొత్తం ఆగిపోతుందని, ఇక మందులతో పని లేదని ఊదరగొట్టాడు. సేటు సీసా పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి పోయారు.

"చాలామందికి విటమిన్లూ అవీ ఇచ్చి చూశారండి. అనుకున్న మేలు కనపడలేదు. రవ్వల మీద నీళ్లు చల్లడం కంటే పొయ్యిలో కట్టెలు తగ్గించడం నయం," అన్నారు డాక్టరు గారు.

సీసా దుకాణంలో చువ్వ కింద అలమరలో ఉండిపోయింది. అల్లుడు వచ్చినప్పుడల్లా "తాగుతున్నరా మామా?" అని అడిగేవాడు. "నువ్వు అమ్ముతున్నవా?" అని ఈయన అడిగేవారు.

గాయం మానడానికి చాలా కాలం పట్టింది. పెద్దమ్మ రోజూ కడిగి, ఎండిన గుడ్డతో అద్ది, కట్టు కట్టేది. జొన్నరొట్టె ఆమె చేతికి అలవాటైంది. విరగడం మానేసింది. ఒకరోజు డాక్టరు గారు పాదం అటూ ఇటూ తిప్పి చూసి, కాలు నిలిచినట్టేనన్నారు. సేటు "పాస్" అని కేక పెట్టలేదు. జిలేబీ తెప్పించలేదు. డాక్టరు గారు ఇంకో మాట కూడా చెప్పారు. మానింది పుండు మాత్రమే, ముందటి ఏళ్లలో లోపల కాలింది కాలిందే, తర్వాత చక్కెర సరిగ్గా ఉన్నా ఆ పాత దెబ్బ పని చేస్తూనే ఉంటుంది అని.

"నూనె మార్చినా మూకుడుకు వాసన ఉంటదన్నట్టు," అన్నారు సేటు.

అట్లాగే జరిగింది. తర్వాతి ఏళ్లలో ఆయన తప్పు పెద్దగా చెయ్యలేదు. అయినా ముందు కళ్లు మసకబారాయి, తర్వాత కాళ్లకు నీరు పట్టింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె బలహీనపడిందన్నారు. గద్దె మీద మేజోళ్లు వేసుకుని గోడకు ఆనుకుని కూర్చునేవారు. బస్తాకు చువ్వ గుచ్చే పని ఖాసిం భాయ్ చేసేవాడు. గింజ కొరికి చెప్పేది మాత్రం ఈయనే.

ఇన్నేళ్లుగా రక్తం తీస్తున్నాను. మొదట్లో షుగరు పరీక్షకు వచ్చేది బొజ్జ ఉన్న షావుకార్లు. ఇప్పుడు ఆటోవాళ్లు వస్తున్నారు, బట్టలు కుట్టే ఆడవాళ్లు వస్తున్నారు. మా ఊళ్లో మా అన్నకు కూడా వచ్చింది. అక్కడ జొన్నలు వేసేవాళ్లు తగ్గిపోయారు. మూడు పూటలా అన్నమే. పరీక్ష ఉందంటే ముందు రోజు రాత్రి మా అన్న కూడా పస్తుంటాడు. చెప్పి చెప్పి నేనూ అలిసిపోయాను. తారీఖు చెప్పమనకుండా చెయ్యి చాపిన మనిషి నాకు సేటు ఒక్కరే.

నేను పోయేసరికి ఆయనను దుకాణం వెనక గదిలో నేల మీద పడుకోబెట్టారు. ఖాసిం భాయ్ గడప బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సందులోని ముసలాయన ఒకరు నా పక్కకు జరిగి చెవిలో అన్నాడు.

"నా రక్తం వచ్చే బేస్తారం తీస్కో బిడ్డా. గప్పటిదాంక తిండి జర తగ్గిస్త."

నేను ఆయన వైపు చూశాను. ఆయన సేటు వైపు చూసి తల తిప్పుకున్నాడు.

లోపల చిన్న ఇబ్బంది వచ్చింది. పోయినవాళ్ల కాలి బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కట్టాలి. ఎడమ కాలికి వేలు ఉంది. కుడి కాలికి లేదు. చుట్టాల్లో పెద్దాయన ఒకరు మిగిలిన మొండి దగ్గర చుట్టి చూశాడు. జారిపోయింది. చీలమండకు కడదామని ఒకరు, వద్దని ఒకరు. అంతా పెద్దమ్మ వైపు చూశారు.

"పక్క వేలుకు కట్టుండ్రి," అంది పెద్దమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు కట్టు బిడ్డా. ముడి నీకు తెలుస్తది."

కూర్చుని కట్టాను. ఎడమ కాలి బొటనవేలు, కుడి కాలి పక్క వేలు. ఒకటి లావు, ఒకటి సన్నం, ఎత్తు కలవలేదు. అందుకని రెండు చుట్లు ఎక్కువ వేయాల్సి వచ్చింది. సాయంత్రం పాడె లేచి సందులోంచి పూల్ వైపు మలుపు తిరిగేటప్పుడు బజ్జీల బండివాడు పొయ్యి ఆర్పి పక్కకు నిలబడ్డాడు. పాడె చివర గుడ్డ కాస్త తొలగింది. రెండు పాదాలూ కనిపించాయి. పక్కపక్కన, కొంచెం వంకరగా. దారం జారలేదు.